తాడ్వాయి అడవిలో శ్రమదానం: అనుమతి కాగితం నుంచి చెత్త బస్తాల దాకా

చలికాలం మొదలైందంటే చాలు, ఇదే ప్రశ్న. "అన్నా, మేం ఇరవై మందిమి ఉన్నం. తాడ్వాయి హట్స్‌లో రెండు రోజులుండి అడవికి పనికొచ్చేది ఏదన్నా చేద్దామనుకుంటున్నం. ఎట్ల పోవాలె?" ఫోన్‌లో చెప్తూ ప్రతిసారీ సగం మరిచిపోతున్నా. అందుకే ఈసారి వరుసగా రాస్తున్నా. (తాడ్వాయి హట్స్ అంటే ములుగు జిల్లా అడవిలో సందర్శకులు ఉండే గదులు.) తిరిగి చూసి రావాలనుకునేవాళ్లకు ఇది అక్కర్లేదు. గడ్డపార పట్టుకునేవాళ్ల కోసమే.

మా మొదటి ట్రిప్పు సంగతి ముందే ఒప్పుకుంటా. నలభై మందిమి, రెండు బస్సులు, పొడుగాటి బ్యానర్ ఒకటి, ఫిబ్రవరి ఎండలో విసరడానికి వెయ్యి విత్తన బంతులు. ఎండిపోయిన నేల మీద పడ్డ బంతుల్ని చీమలు, ఉడతలు తిన్నాయి. రెండో రోజు మేం చెత్త ఏరి బస్తాలు నింపుతుంటే పక్కనే నిలబడ్డ అటవీశాఖ బీట్ ఆఫీసర్ నెమ్మదిగా అన్నాడు: "సార్, ఇందులో సగం మీరు నిన్న తెచ్చిందే కదా."

నిజమే, మేం తెచ్చిందే. కింద రాసిన వరుసంతా ఆ మాట తర్వాత నేర్చుకున్నది.

## 1. ముందు పని ఏమిటో అడగండి, తేదీ తర్వాత

చాలామంది ముందు హట్స్ బుక్ చేస్తారు, తర్వాత అటవీశాఖకు ఫోన్ చేసి "ఏం పని చెప్తారు?" అంటారు. ఇది తలకిందుల పద్ధతి. ఏ నెలలో ఏ పని ఉంటుందో అడవే చెబుతుంది.

- జూన్ నుంచి సెప్టెంబరు: పెద్ద గ్రూపులు వద్దు. జంపన్నవాగు, దయ్యాలవాగు గంటల్లో పొంగుతాయి. 2023 జూలై చివర్లో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అట్లాంటి రోజున లోపల ఇరుక్కుంటే మిమ్మల్ని బయటికి తేవడమే సిబ్బందికి పని అవుతుంది.
- అక్టోబరు చివరి నుంచి డిసెంబరు: కలుపు తీయడానికి ఇదే సమయం. నేలలో ఇంకా తేమ ఉంటుంది, వేరు సులువుగా వస్తుంది.
- జనవరి, ఫిబ్రవరి: చెత్త ఏరడం, సిబ్బంది చూపించిన చోట ఫైర్ లైన్ల (మంట పాకకుండా ఖాళీగా ఉంచే దారుల) మీద ఆకులు ఊడ్వడం.
- మార్చి నుంచి మే: ఎండ, కార్చిచ్చు, ఇప్పపూల కోసం తిరిగే ఎలుగుబంట్లు. పైగా గూడేల వాళ్లకు ఇప్పపూలు, తునికాకు సేకరించే కాలం, వాళ్లకు నాలుగు డబ్బులొచ్చే రోజులు. మీరు అడ్డం పోవద్దు.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. ఆ వారాల్లో రోడ్డూ, గదులూ, సిబ్బందీ ఏవీ దొరకవు. జాతర అయిపోయాక మూడు నాలుగు వారాలాగి వెళ్తే మాత్రం రోడ్డు పొడుగునా చేతినిండా పని ఉంటుంది.

రేంజర్‌ను ఇట్లా అడగండి: "సార్, పదిహేను మందిమి, రెండు పూటలు పనిచేస్తాం. మీకు నిజంగా చేయించాల్సిన పని ఏముంది?" మొక్కలు నాటుతామని మీరే ముందు చెప్పొద్దు. ఎదుటివాళ్లు మొహమాటానికి సరే అంటారు, రెండు నెలలకు మొక్కలు ఎండిపోతాయి.

## 2. గ్రూపు చిన్నగా ఉంచండి

నా లెక్క 12 నుంచి 16 మంది. ఒక మినీ బస్సులో పడతారు, ఇద్దరు సిబ్బంది కళ్లముందు ఉంటారు, తప్పిపోతే వెంటనే తెలుస్తుంది. ఇరవై దాటితే అది పిక్నిక్ అయిపోతుంది, ఎంత నియమం పెట్టినా అంతే.

నలుగురికొక జట్టు చేయండి. ప్రతి జట్టులో అడవి పని తెలిసినవాళ్లు, లేదంటే కనీసం పొలం పని తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఈ నాలుగు బాధ్యతలూ వేర్వేరు మనుషులకు ఇవ్వండి:

- సిబ్బందితో మాట్లాడేది ఒక్కరే. పదిమంది పది ఫోన్లు చేయొద్దు.
- డబ్బు లెక్క ఒకరిది.
- వంట, నీళ్లు ఒకరివి.
- మందుల సంచి ఒకరిది. ఈ మనిషి ఎప్పుడూ మధ్యలో నడవాలి, ముందో వెనకో కాదు.

డబ్బు ముందే వసూలు చేయండి, వెనక్కి ఇవ్వబోమని కూడా ముందే చెప్పండి. "చూసి చెప్తా" అన్నవాళ్లను లెక్కలో వేసుకుంటే బస్సు కిరాయి మిగతావాళ్ల మీద పడుతుంది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చే అలర్జీ, వీటి గురించి ఒక్కొక్కరినీ విడిగా అడగండి. అందరి ముందు అడిగితే ఎవరూ చెప్పరు.

## 3. అనుమతి: మాట చాలదు, కాగితం కావాలి

తాడ్వాయి చుట్టూ ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం, దాదాపు 806 చదరపు కిలోమీటర్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. హట్స్‌లో గది దొరికినంత మాత్రాన అడవిలో తిరిగే హక్కు వచ్చినట్టు కాదు. గది వేరు, పని అనుమతి వేరు.

కనీసం మూడు వారాల ముందు ములుగు జిల్లా అటవీ అధికారి పేరు మీద ఉత్తరం రాసి, తాడ్వాయి రేంజ్ ఆఫీసుకు ఒక ప్రతి ఇవ్వండి. అందులో ఉండాల్సినవి:

- అందరి పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు
- వచ్చే తేదీ, వెళ్లే తేదీ, బస్సు నంబరు, డ్రైవర్ పేరు
- చేయబోయే పని, ఏ పూట ఎన్ని గంటలు
- ఇంటి దగ్గర ఉండి ఫోన్ ఎత్తే ఒకరి నంబరు
- "పోగైన చెత్త మేమే తీసుకెళ్తాం" అన్న ఒక వాక్యం

చివరి వాక్యం చిన్నదే గానీ నా అనుభవంలో సంతకం త్వరగా పడేది దానివల్లే.

స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక ప్రతి ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకోండి. ఇది ఏజెన్సీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దూరం కాదు. కొత్త ముఖాలు గుంపుగా లోపలి దారుల్లో కనిపిస్తే ఆపి అడుగుతారు, అది వాళ్ల డ్యూటీ. కాగితం చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

## 4. సామాను

ఒక్కొక్కరికి:

- [ ] ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు రెండు, మందపాటి ప్యాంటు. ఖాకీ, ఆకుపచ్చ మిలిటరీ చుక్కల బట్టలు వద్దు
- [ ] మడమ పైదాకా వచ్చే బూట్లు, పొడుగు సాక్సులు
- [ ] తోలు గ్లోవ్స్ (లంటానా అనే ముళ్ల కలుపు పొదకు రబ్బరువి ఆగవు)
- [ ] టార్చి, విజిల్, రెండు లీటర్ల స్టీలు సీసా, స్టీలు పళ్లెం, గ్లాసు
- [ ] దోమతెర, దోమల క్రీము
- [ ] తువ్వాల. తల మీదికి, చెమటకు, అవసరమైతే విరిగిన చేతికి జోలెగా, అన్నిటికీ పనికొస్తుంది

గ్రూపు మొత్తానికి:

- [ ] గడ్డపారలు 4, పారలు 4, కొడవళ్లు 6, చేతి రంపాలు 2
- [ ] గోనె సంచులు 40, సుతిలి తాడు
- [ ] చెత్త ఏరే పొడుగు పటకార్లు, లేదా కొసకు మేకు కొట్టిన కర్రలు
- [ ] వేలాడదీసి తూకం చూసే కాటా
- [ ] మందుల సంచి: ఓఆర్ఎస్, దూది, బ్యాండేజీ గుడ్డ, గాయాల మందు, జ్వరం మాత్రలు, డాక్టరును అడిగి తెచ్చిన అలర్జీ మాత్రలు

గొడ్డలి తేవద్దు. అభయారణ్యంలో కొత్తవాళ్ల చేతిలో గొడ్డలి కనిపిస్తే ఎవరికైనా అనుమానమే. కావాలంటే సిబ్బందే తెస్తారు.

మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీళ్ల లెక్కన పదిహేను మందికి 60 లీటర్లు, అంటే 20 లీటర్ల వాటర్ టిన్నులు మూడు. రెండు రోజులకు ఆరు. ఖాళీ టిన్నులు వెనక్కి వస్తాయి కాబట్టి చిన్న సీసాల గొడవే ఉండదు.

తిండి విషయంలో ఇంటి అమ్మల మాట వినండి. సకినాలు, మక్క అటుకులు, పల్లీ పట్టీలు స్టీలు డబ్బాల్లో పెట్టుకుంటే చిప్స్ ప్యాకెట్ ఒక్కటి కూడా అక్కర్లేదు. మొదటి రోజు పొద్దున తినడానికి సర్వపిండి సరిపోతుంది. మిగతా పూటల వంట హట్స్ దగ్గర చేస్తారా, సరుకులు మనమే తెచ్చివ్వాలా అన్నది బుకింగ్ అప్పుడే తేల్చుకోండి. కష్టం చేసిన మనిషి పూటకు 150 గ్రాముల బియ్యం తింటాడు, ఆఫీసులో తినే కొలత వేయకండి. మోదుగాకు విస్తళ్లు తెస్తే కడిగే పని తగ్గుతుంది గానీ, విస్తరి కింద ప్లాస్టిక్ పొర ఉందేమో తిప్పి చూడండి. ఇప్పుడు చాలావాటికి ఉంటోంది.

## 5. ప్రయాణం

హన్మకొండ నుంచి తాడ్వాయి 163వ జాతీయ రహదారి మీదే, ములుగు, పస్రా మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే తొమ్మిదిలోపు రేంజ్ ఆఫీసు ముందుంటారు. డీజిల్, ఏటీఎం, మరిచిపోయిన మందులు, అన్నీ ములుగులోనే చూసుకోండి. నలుగురైదుగురే అయితే హన్మకొండ బస్టాండ్‌లో ఏటూరునాగారం ఆర్టీసీ బస్సెక్కితే సరిపోతుంది.

అడవి మధ్యలో కోతులు కనిపించగానే అరటిపండ్లు విసరొద్దు. తిండికి అలవాటు పడి రోడ్డు మీదికొచ్చి లారీల కింద పడుతున్నాయి. చీకటి పడ్డాక ఈ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోవద్దు.

ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. ఇంటి దగ్గరున్న మనిషికి "రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తాం, రాకపోతే మర్నాడు పొద్దున ఎనిమిది దాకా ఆగి రేంజ్ ఆఫీసుకు చెయ్యండి" అని స్పష్టంగా చెప్పి బయల్దేరండి. లేకపోతే ఒక అమ్మ టెన్షన్‌తో పది ఊళ్లకు ఫోన్లు పోతాయి. మాకు ఒకసారి పోయాయి.

## 6. మొదటి గంట

దిగగానే పని మొదలుపెట్టొద్దు. బీట్ ఆఫీసర్‌నో, వాచర్‌నో ముందు నిలబెట్టి ఆయన చెప్పేది వినండి. ఏ వాగు దాటొద్దు, ఈ వారం ఎలుగుబంటి ఎటు తిరుగుతోంది, ఏ చెట్టు మీద పెద్ద తేనెపట్టు ఉంది, ఇవి ఏ మ్యాపులోనూ ఉండవు.

విజిల్ గుర్తులు అక్కడే నేర్పండి. ఒకసారి ఊదితే "ఎక్కడున్నారు", రెండుసార్లయితే "అందరూ వెనక్కి రండి", మూడుసార్లయితే ప్రమాదం. జట్టు జట్టుకూ మధ్య కేక వినిపించేంత దూరమే ఉండాలి.

## 7. పని చేసే పద్ధతి

పని వేళలు: పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర, మళ్లీ మూడున్నర నుంచి ఐదున్నర. మొదటి రోజు మీరు చేరేసరికే తొమ్మిదవుతుంది, అందుకే ఆ పూట గంటసేపే చేయండి. మధ్యాహ్నం నీడలో పడుకోవడమే. "ఇంకో గంట చేద్దాం" అనే ఉత్సాహవంతుడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. రెండో రోజు నడుం పట్టుకునేది కూడా అతనే.

చెత్త ఏరడం. రోడ్డుకు రెండు వైపులా జట్లను వరసగా నిలబెట్టి ఒకే దిక్కుకు నడవండి. ఒకరు ఏరాలి, ఒకరు సంచి పట్టాలి, ఒకరు వాహనాలను చూడాలి, నాలుగో మనిషి నిండిన బస్తాలు రోడ్డు పక్కకు చేర్చాలి. సారా సీసాల పెంకులు వేరే బస్తాలో వేసి, దాని మీద ఎర్ర గుడ్డ కట్టండి. బస్తాను కాలితో తొక్కి కూరొద్దు. ఆకుల కిందికి, బండల సందుల్లోకి చెయ్యి పెట్టొద్దు, ముందు కర్రతో కదపండి. కట్లపాము పగటిపూట పడుకునేది అట్లాంటి చోట్లే.

లంటానా తీయడం. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. కొడవలితో పైన నరికేసి శుభ్రమైందని ఫొటో దిగుతారు. నరికిన మోడు నుంచి మళ్లీ నాలుగింతల కొమ్మలొస్తాయి. మనం కలుపు తీసినట్టు కాదు, పెంచినట్టు. సరైన వరుస ఇది:

1. చుట్టూ ఉన్న ముళ్ల కొమ్మల్ని కొడవలితో తప్పించి మొదలు కనిపించేలా చేయండి.
2. మొదలు చుట్టూ మట్టి తవ్వి, నేలకు మూడు నాలుగు అంగుళాల కింద తల్లివేరు దొరకబట్టండి.
3. అక్కడ గడ్డపారతో తెంచండి. మళ్లీ చిగురించే భాగం దానికి పైనే ఉంటుంది, కాబట్టి అది మొత్తం బయటికి రావాలి.
4. పొదను లేపి తలకిందులుగా పెట్టండి, వేర్లు గాల్లో ఉండాలి. నేలకు తగిలితే మళ్లీ పాతుకుంటుంది.
5. నల్లగా పండిన కాయలుంటే లాక్కుంటూ పోవద్దు. మీరు నడిచిన దారంతా విత్తనాలు రాలతాయి.

తీసిన చోటును గడ్డి తిరిగి లేవడానికి వదిలేయండి. ఏదైనా నాటాలా వద్దా అన్నది సిబ్బంది నిర్ణయం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి. అట్లా వెలుతురు పడ్డ చోట్ల ముందు లేచేది కలుపే. పని అటువైపు చూపిస్తే చేయండి, కానీ కూలిన కర్రను ఒక్క పుల్లైనా కదపొద్దు. అది అడవిదే.

పదిహేను మంది ఒక పూటలో తీసేది చూస్తే మీకే చిన్నతనంగా ఉంటుంది. ఫర్వాలేదు. ఒక చిన్న నేల ముక్కలో వేర్లతో సహా తీసేసి, వచ్చే ఏడు మళ్లీ అక్కడికే రండి. కొత్త మొలకలు పీకాల్సింది అప్పుడే.

ఆకులు ఊడ్వడం. ఫైర్ లైన్ మీద ఆకుల్ని పక్కకు జరపడమే మీ పని. వాటికి నిప్పు పెట్టేది సిబ్బంది మాత్రమే, వాళ్ల లెక్క వాళ్లకుంటుంది.

## 8. రాత్రి హట్స్‌లో

క్యాంప్‌ఫైర్ అడగొద్దు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టప్రకారం తప్పు, సిబ్బందిని ఇరకాటంలో పెట్టొద్దు. స్పీకర్లు, మందు సీసాలు రెండూ బస్సులోకే ఎక్కనివ్వొద్దు. బూట్లు వేసుకునే ముందు దులపండి, తేళ్లుంటాయి. అన్నం పారబోస్తే అడవిపందులు గుమ్మం దాకా వస్తాయి. మిగిలింది డబ్బాలో పెట్టి మూత వేయండి.

కాలకృత్యాలకు గది బాత్రూమే వాడండి. నీళ్లు ట్యాంకులో లెక్కగా ఉంటాయి, అందరూ బకెట్ స్నానమే.

## 9. గూడేనికి వెళ్తే

పిలిస్తేనే వెళ్లండి. చుట్టుపక్కల కోయ గూడేలున్నాయి. ముందు గూడెం పెద్దమనిషిని కలిసి, ఎందుకొచ్చారో చెప్పి, కూర్చోమంటే కూర్చోండి. పెద్దవాళ్లను "పెద్దయ్యా, అమ్మా" అని పిలిస్తే చాలు. పిల్లల ఫొటోలు అడగకుండా తీయొద్దు.

పాత బట్టలు పంచొద్దు. మేం ఒకసారి రెండు బస్తాలు తీసుకెళ్లాం. అందులో ఎవరివో కోట్లు, మెరుపుల గౌన్లు. మర్నాడు పొద్దున చింతచెట్టు కింద బస్తాలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి, ఒక గౌను మీద కుక్క పడుకుంది. ఏదైనా ఇవ్వాలనుంటే ముందే బడి పంతులుకు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. ఆయన చెప్పింది మాత్రమే తీసుకెళ్లి ఆయన చేతికే ఇవ్వండి.

ఏదు ముళ్లు, దుప్పి కొమ్ములు అమ్ముతామన్నా, ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు. దారిలో రాలినవి దొరికినా సరే, వన్యప్రాణుల భాగాలు దగ్గర పెట్టుకోవడం కేసు అవుతుంది.

## 10. ఏదైనా జరిగితే

పాము కరిస్తే: కదలనివ్వకండి. ఉంగరం, గడియారం, కడియం తీసేయండి. కాలికో చేతికో కర్ర ఆనించి వదులుగా కట్టండి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవేవీ వద్దు. కరిచిన టైమ్ రాసుకుని 108కి ఫోన్ చేస్తూనే బస్సును ఆసుపత్రి వైపు కదిలించండి. పామును పట్టుకోవడానికి ఎవరూ వెళ్లొద్దు. బయల్దేరే ముందు రోజే ఏటూరునాగారం ప్రభుత్వ ఆసుపత్రికి ఫోన్ చేసి విషానికి ఇంజక్షన్ ఉందో లేదో కనుక్కోండి. అక్కడ కుదరకపోతే వరంగల్ ఎంజీఎం దాకా రావాలి. ఆ రెండు గంటల లెక్క ముందే తెలిసుండాలి.

తేనెటీగలు లేస్తే: చేతులు ఊపొద్దు. ముఖం తువ్వాలతో కప్పుకుని బస్సులోకో, గదిలోకో పరుగెత్తండి. ఇందుకే సెంటు రాసుకుని పనికి రావొద్దు.

ఎలుగుబంటి కనిపిస్తే: పరుగెత్తొద్దు. ముఖం దానివైపే ఉంచి, అందరూ ఒక్కచోట చేరి వెనక్కి అడుగులేయండి. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడిస్తే అదే ముందు తప్పుకుంటుంది.

ఎవరైనా కనిపించకపోతే: విజిల్ ఊది అందరినీ ఒక్కచోట చేర్చండి, తలలు లెక్కపెట్టండి, వాచర్‌కు చెప్పండి. వెతకడానికి మీరు చెల్లాచెదురైతే ఇద్దరు ముగ్గురు తప్పిపోతారు.

## 11. తిరుగు ప్రయాణం, ఆ తర్వాత నెల

బస్తాలు తూకం వేసి, ఏ చోట ఎన్ని కిలోలో నోటుబుక్కులో రాసుకోండి. ఆ చెత్తను దగ్గరి ఊరి డంపులో వదిలేస్తే రేపే తగలబెడతారు. హన్మకొండలో పాత సామాన్ల దుకాణంతో ముందే మాట్లాడి పెట్టుకోండి. సీసాలు, డబ్బాలు వాళ్లు తీసుకుంటారు. చిప్స్ కవర్లు తీసుకోరు, అవి మున్సిపల్ పొడిచెత్త కేంద్రానికి పోవాలి. బస్సు డ్రైవర్‌తో కూడా కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పండి: వెనక్కి వచ్చేటప్పుడు డిక్కీ నిండా చెత్త ఉంటుందని. అక్కడ నిలబెట్టి చెప్తే ఒప్పుకోడు, ఆయన తప్పు కూడా కాదు.

హట్స్ ఖాళీ చేసే ముందు:

- [ ] గదులు మనమే ఊడ్చాం
- [ ] పనిముట్లు లెక్క సరిపోయింది (కొడవలి ఒకటి ఎప్పుడూ తక్కువొస్తుంది, గడ్డిలో చూడండి)
- [ ] వంట చేసినవాళ్లకు, వాచర్‌కు ఇవ్వాల్సిన డబ్బు చేతికిచ్చాం
- [ ] రేంజ్ ఆఫీసులో వెళ్తున్నామని చెప్పాం

ఇంటికొచ్చాక నెల రోజుల దాకా ఎవరికి జ్వరమొచ్చినా మలేరియా రక్తపరీక్ష చేయించండి. డాక్టరుతో మొదటి మాటగానే "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని చెప్పండి. మలేరియా జ్వరం వారం, రెండు వారాలు ఆగి వస్తుంది, ఆలోపు ట్రిప్పు సంగతే మరిచిపోతారు. అందుకే మా గ్రూపులో మందుల సంచి మోసిన మనిషే పదో రోజు, ఇరవయ్యో రోజు అందరికీ ఫోన్ చేసి అడుగుతాడు.

వారంలోపు రేంజర్‌కు ఒక పేజీ ఉత్తరం పంపండి: ఎన్ని కిలోల చెత్త, ఎంత నేలలో లంటానా తీశాం, ఏది మిగిలింది. ఫొటోలు రెండు చాలు, పని ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండూ ఒకే చోట నిలబడి తీసినవి. గోనె సంచులు ఉతికి, మేడ మీద ఆరేసి, కట్ట కట్టి పెట్టుకోండి. వచ్చే ఏడు ఆ నలభైలో ముప్పై మళ్లీ పనికొస్తాయి.